పాఠకుల ప్రశ్నలు: పేషెంట్‌తో మాట్లాడే విద్యకి మార్కులెలా వేస్తారు?

క్లినికల్ సైకాలజీ కోర్సు గురించి రాశాక వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే విషయం మీద ఉన్నాయి, డయాగ్నోస్టిక్ ఇంటర్వ్యూ. అంటే పేషెంట్ ఎదురుగా కూర్చుని, ఏం ఇబ్బందో, ఎప్పట్నుంచో, ఎలా మొదలైందో అడిగి రాబట్టి, అది ఏ జబ్బో తేల్చడం. స్టూడెంట్స్ రాశారు, వాళ్ళకి పాఠం చెప్పేవాళ్ళు రాశారు, ఒక అమ్మ కూడా రాశారు. అన్నిటికీ చోటు లేదు కాబట్టి ఐదు తీసుకున్నా. నేను చెప్పే పేషెంట్ల వివరాలు గుర్తుపట్టకుండా మార్చాను.

ప్రశ్న: మేడమ్ నమస్తే. నేను ఎంఫిల్ క్లినికల్ సైకాలజీ సెకండియర్. మొన్న ఇంటర్నల్స్‌లో లాంగ్ కేస్ ఇచ్చారు, దాదాపు గంటసేపు పేషెంట్‌తో ఒక్కదాన్నే కూర్చున్నా, తర్వాత ఎగ్జామినర్ల ముందు కేస్ చెప్పా, డయాగ్నోసిస్ కరెక్ట్, మార్కులు కూడా బాగానే వచ్చాయి. వారం తిరక్కుండానే మా సూపర్‌వైజర్ ఒకవైపు నుంచే కనపడే అద్దం వెనక నుంచి నా ఇంటర్వ్యూ ఒకటి చూసి "నీకు ఇంకా అడగడం రాలేదమ్మా" అన్నారు. ఆ రోజంతా ఏడుస్తూనే ఉన్నా. రెండిట్లో ఏది నిజం? — విశాఖపట్నం నుంచి ఒక విద్యార్థిని

జవాబు: ముందు కళ్ళు తుడుచుకో తల్లీ. రెండూ నిజమే. ఎందుకంటే ఆ ఇద్దరూ చూసింది ఒకటి కాదు.

లాంగ్ కేస్‌లో ఎగ్జామినర్లు నీ ఇంటర్వ్యూ చూడలేదు. నువ్వు లోపల గంటసేపు ఏం చేశావో వాళ్ళకి తెలీదు, బయటికొచ్చి నువ్వు చెప్పిన కథ మాత్రమే విన్నారు. చెప్పడం బాగుంటే, ఐసీడీ (డబ్ల్యూహెచ్‌ఓ జబ్బుల జాబితా) పాయింట్లు గుర్తుంటే, మార్కులు పడతాయి. పైగా వార్డులో పేషెంట్లకి ఇప్పటికే పదిసార్లు అడిగించుకున్న అనుభవం ఉంటుంది, కొంతమంది కూర్చోగానే "నాకు బైపోలార్ అంట మేడం" అని వాళ్ళే చెప్పేస్తారు. అందుకే డయాగ్నోసిస్ కరెక్ట్‌గా రావడం వేరు, దాన్ని ఇంటర్వ్యూతో రాబట్టడం వేరు.

నేను అద్దం వెనక నుంచి చూసిన ఒక ఇంటర్వ్యూ చెప్తా. మెదక్ వైపు నుంచి వచ్చిన రైతు, యాభై ఏళ్ళుంటాయి. మా స్టూడెంట్ ఒకబ్బాయి చక్కగా తయారై, ఫైల్ తెరిచి వరసగా అడుగుతున్నాడు. "నిద్ర పడుతుందా?" "పడ్తది సారూ." టిక్. "ఆకలి అవుతుందా?" "తింటున్న." టిక్. అలా ఇరవై నిమిషాల్లో లిస్టు మొత్తం అయిపోయింది, డిప్రెషన్ లక్షణాలు పెద్దగా లేవని రాసుకున్నాడు. నేను లోపలికి వెళ్ళి కుర్చీ కొంచెం దగ్గరికి లాక్కుని "రాత్రి ఎన్నింటికి పడుకుంటారు, ఆ తర్వాత ఏమైతదో తెల్లారేదాకా చెప్పండి" అన్నా, అంతే. ఆయన చాలాసేపు నేల చూసి అన్నాడు, "తొమ్మిదింటికి పండుకుంటే నిద్రయితే పడ్తది మేడం, మూడు గొట్టంగనే మెలుకువొస్తది, ఇగ పట్టది, దూలం దిక్కు చూసుకుంట పండుకుంట, గా యాళ్ళనే మనసంత పాడయితది." తెల్లవారకముందే మెలకువ, పొద్దున పూట ఎక్కువగా ఉండే దిగులు, టెక్స్ట్‌బుక్‌లో ఉన్నదున్నట్టు ఆయన నోట్లోంచే వచ్చింది. మనవాడు అడిగిన ప్రశ్నకి ఆయన అబద్ధం చెప్పలేదు. నిద్ర "పట్టడం" గురించి అడిగాడు, పడుతుందన్నాడు.

ఈ తేడా కాగితం మీద పట్టుబడదు, కళ్ళారా చూస్తేనే తెలుస్తుంది. జార్జ్ మిల్లర్ అనే ఆయన 1990లో నాలుగు మెట్లు చెప్పాడు, విషయం తెలియడం, ఎలా చేయాలో తెలియడం, చేసి చూపించడం, నిజం పేషెంట్ దగ్గర రోజూ చేయడం. మన వైవాలు, అంటే నోటితో చెప్పే పరీక్షలు, ఎక్కువగా మొదటి రెండు మెట్ల దగ్గరే ఆగిపోతాయి. మూడో మెట్టు కోసమే స్కాట్లండ్‌లోని డండీలో రోనాల్డ్ హార్డెన్ 1975లో ఓస్కీ పరీక్ష మొదలుపెట్టాడు, వరసగా చిన్న చిన్న స్టేషన్లు, ఒక్కో దాంట్లో కొన్ని నిమిషాలు, అందరికీ అవే కేసులు, ఎగ్జామినర్ అక్కడే కూర్చుని చూస్తాడు.

ఇంకో మాట. మీ సూపర్‌వైజర్ చూసింది కూడా ఒక్క ఇంటర్వ్యూనే. డిప్రెషన్ కేస్ అద్భుతంగా తీసిన పిల్ల మేనియాలో, అంటే పట్టలేని ఉత్సాహంలో, ఉన్న మనిషి ముందు తడబడిపోవడం నేను ప్రతి బ్యాచ్‌లోనూ చూస్తా, ఒక కేసులో బాగా చేస్తే ఇంకో దాంట్లో కూడా చేస్తారన్న గ్యారంటీ లేదు. కాబట్టి ఆయన దగ్గరికే వెళ్ళి అడుగు, "సార్, ఇంకో నాలుగైదు చూడండి, వేరే వేరే కేసులు, చూసిన వెంటనే పది నిమిషాలు చెప్పండి" అని. ఎక్కడ అడగలేదో, ఏ మాట దగ్గర పేషెంట్ మూసుకుపోయాడో అప్పుడే చెప్తే నీకు గుర్తుంటుంది, సెమిస్టర్ చివర మార్కుల లిస్టులో చూస్తే ఏం అర్థమవుతుంది చెప్పు.

ప్రశ్న: మేడమ్ గారూ, నేను సైకాలజీ డిపార్ట్‌మెంట్‌లో పనిచేస్తున్నాను. మా ప్రాక్టికల్స్‌లో ఒకే స్టూడెంట్ ఇంటర్వ్యూకి నేను పదికి ఎనిమిది వేస్తే పక్కనున్న ఎక్స్‌టర్నల్ నాలుగు వేశారు. గొడవలెందుకని ఆరు చేసేశాం. ఈసారి నుంచి చెక్‌లిస్ట్ పెడదామంటున్నారు, అడిగితే ఒకటి, అడక్కపోతే సున్నా. అది బెటరా? — గుంటూరు నుంచి ఒక అధ్యాపకులు

జవాబు: మాస్టారూ, ఆ "ఆరు" గురించి ముందు చెప్తాను. ఎనిమిదికి నాలుగుకి మధ్య ఆరు అనేది న్యాయం కాదండీ. ఎనిమిది ఎందుకో, నాలుగు ఎందుకో ఒకరికొకరు చెప్పుకుని ఉంటే ఆ పిల్లవాడికి నిజంగా ఏం రాదో తేలేది. సర్దుబాటు చేసేసరికి ఆ సమాచారం పోయింది.

ఇద్దరు ఒకే మనిషిని తేడాగా చూడటం మన ఊళ్ళో మాత్రమే ఉన్న జబ్బు కాదు. జేకబ్ కోహెన్ 1960లో కప్పా అనే లెక్క ఇచ్చాడు, ఇద్దరు ఏదో కాకతాళీయంగా ఒకే మాట చెప్పే అవకాశాన్ని తీసేశాక మిగిలే ఏకాభిప్రాయం ఎంతో అది చెప్తుంది, ఒకటి వస్తే పూర్తిగా కలిసినట్టు, సున్నా అంటే గుడ్డిగా చెప్పినట్టే. అమెరికా సైకియాట్రిస్టుల జబ్బుల పుస్తకం డీఎస్‌ఎమ్-5 కోసం చేసిన ఫీల్డ్ ట్రయల్స్‌లో ఒకే పేషెంట్‌ని ఇద్దరు క్లినీషియన్లు విడివిడిగా ఇంటర్వ్యూ చేస్తే పెద్దవాళ్ళలో మేజర్ డిప్రెషన్‌కి వచ్చిన కప్పా 0.28. ప్రమాదం, దాడి లాంటివి అనుభవించాక వచ్చే పీటీఎస్‌డీకి 0.67 వచ్చింది. అంత అనుభవం ఉన్నవాళ్ళ మధ్యే అలా ఉంటే, స్టూడెంట్ చెప్పిన డయాగ్నోసిస్ మనం అనుకున్నదానితో కలిసిందా లేదా అన్న ఒక్కదాని మీదే పాస్ ఫెయిల్ చేయడం నాకు అస్సలు మనసొప్పదు. అభిప్రాయం కలవకపోవడానికి పెద్ద కారణాల్లో ఒకటి, ఇద్దరూ వేరే వేరేగా అడగడం వల్ల ఇద్దరి చేతికీ వేరే వేరే సమాచారం రావడం. మనం కొలవాల్సింది అక్కడే ఉంది.

ఇక చెక్‌లిస్ట్. ఫస్టియర్ వాళ్ళకి పెట్టండి, మంచిదే, ఏది మర్చిపోకూడదో అలవాటవుతుంది. కానీ అదొక్కటే పెట్టకండి. కెనడాలో టొరంటో పరిశోధకులు 1999లో చూపించారు, చెక్‌లిస్ట్‌తో మార్కులేస్తే అనుభవం ఉన్న డాక్టర్లకి స్టూడెంట్స్ కంటే తక్కువ వచ్చాయి, ఎందుకంటే తెలిసినవాళ్ళు లిస్టులో ఉన్నవన్నీ అడగరు, రెండు మాటలు విని ఎటు వెళ్ళాలో అటే వెళ్తారు. మొత్తంగా చూసి వేసిన గ్లోబల్ రేటింగ్‌లో మాత్రం అనుభవం కనపడింది.

మన తెలుగులో చెక్‌లిస్ట్‌కి ఇంకో ప్రమాదం ఉంది, దీని గురించి నేను క్లాసులో గొంతు పోయేలా చెప్తా. సూసైడ్ గురించి అడగాలి అని లిస్టులో ఉంటుంది. పిల్లలు ఎలా అడుగుతారో మీకూ తెలుసు, ఫైల్ వంక చూస్తూ, గొంతు తగ్గించి, "చచ్చిపోవాలని... అలాంటి ఆలోచనలేం లేవు కదా?" అని. ఆ "లేవు కదా" వినగానే పేషెంట్ "లేవండి" అంటాడు, ఇంకేమంటాడు, మనం బతిమాలుకున్న జవాబే ఇస్తాడు. చెక్‌లిస్ట్‌లో దీనికి ఒక మార్కు. నేనైతే సున్నా వేస్తా. అదే ఒకమ్మాయి "ఇంత కష్టంలో ఉన్నప్పుడు కొంతమందికి బతకాలని అనిపించదు, మీకెప్పుడైనా అలా అనిపించిందా?" అని అడిగి, ఆగి, మొహంలోకి చూసి, ఆయన ఊఁ అన్నాక "ఎలా చేసుకోవాలని అనుకున్నారు, ఇంట్లో పురుగుల మందు ఎక్కడ పెడతారు, తాళం ఎవరి దగ్గర ఉంటుంది" అని కంగారు పడకుండా వెళ్ళింది. పల్లెల్లో పొలం ఉన్న ఇంట్లో అడగాల్సిన ప్రశ్న అది. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని పిల్లలు భయపడతారు, అలా జరగదు, అడిగినందుకు ఊపిరి పీల్చుకున్నవాళ్ళనే నేను ఎక్కువ చూశాను.

కాబట్టి నా సలహా. పరీక్షకి ముందు రోజు ఎగ్జామినర్లంతా కలిసి రెండు రికార్డెడ్ ఇంటర్వ్యూలు చూడండి, ఒకటి బాగున్నది ఒకటి బాగోనిది, విడిగా మార్కులేసి తర్వాత వాదించుకోండి, ఆ వాదన ఎంత సేపైనా సరే ఆపకండి. స్కేల్‌లో నాలుగు అంటే ఏమిటో, ఎనిమిది అంటే ఏమిటో మామూలు మాటల్లో రాసి పెట్టుకోండి. ఒకే స్టేషన్‌లో ఇద్దర్ని కూర్చోబెట్టే బదులు, ఆ ఇద్దరినీ రెండు స్టేషన్లలో కూర్చోబెట్టి స్టూడెంట్‌కి ఇంకో కేసు ఎక్కువ ఇవ్వండి, మార్కు ఎక్కువ నమ్మకంగా వస్తుంది. ఇంకోటి, స్టూడెంట్ లోపలికి రాగానే ఇంగ్లీష్ బాగా మాట్లాడిందనో చీర నీట్‌గా కట్టుకుందనో మిగతా అన్నిటికీ మార్కులు పెరిగిపోతాయి, థార్న్‌డైక్ 1920లోనే దీనికి హేలో ఎఫెక్ట్ అని పేరు పెట్టాడు. దీనికి మందు ఒకటే, ఇంటర్వ్యూ జరుగుతుండగా ఏం విన్నామో ఆ మాటలే రాసుకోవడం.

ప్రశ్న: అమ్మా, మా బాబుని మెంటల్ హెల్త్ ఓపీకి తీసుకుపోయినం. ముందు ఒక చదువుకునే పిల్ల గంట సేపు అన్నీ అడిగి రాసుకుంది, తర్వాత ఇంకొకాయన మళ్ళ అవే అడిగిండు, లాస్టుకు పెద్ద డాక్టరు మళ్ళ అడిగిండు. మావాడు విసిగిపోయి లేచి బయటకొచ్చేసిండు. మా పిల్లగాని మీద వీళ్ళు పరీక్షలకు ప్రాక్టీసు చేస్తున్నరా? మేము వద్దనొచ్చా? — నిజామాబాద్ నుంచి ఒక తల్లి

జవాబు: వద్దనొచ్చమ్మా. నిక్షేపంగా వద్దనొచ్చు. మీ బాబుకి వైద్యం ఆగదు, ఆగకూడదు. తన సమాచారం గోప్యంగా ఉంచాల్సిన బాధ్యత 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టంలో రాసే ఉంది. వీడియో తీస్తామంటే ముందే చెప్పి, ఎందుకో చెప్పి, సంతకం అడగాలి, చూసేది ఎవరో కూడా మీరు అడగొచ్చు. అద్దం వెనక ఎవరైనా కూర్చుంటే ఆ మాట కూడా ముందే చెప్పాలి.

మూడుసార్లు అడిగారని మీ బాబు విసుక్కోవడంలో తప్పేం లేదు. తన బాధ ముగ్గురికి మూడుసార్లు చెప్పుకోవడం ఎంత కష్టమో మేము మర్చిపోతుంటాం, ఈ విషయంలో మా వృత్తి వాళ్ళందరి తరఫునా మీకు క్షమాపణ చెప్తున్నా. ఒక్కటి మాత్రం చెప్పాలి, రెండోసారి మూడోసారి అడిగినప్పుడు కొత్త విషయాలు బయటికి రావడం మామూలే, పెద్ద డాక్టర్ మళ్ళీ అడగడం స్టూడెంట్ రాసింది సరిపోయిందో లేదో చూసుకోవడానికే, అది మీ బాబు మేలుకే. అయితే ఎందుకు మళ్ళీ అడుగుతున్నారో ఒక్క మాట చెప్పి ఉంటే తను లేచి వెళ్ళేవాడు కాదేమో. ఈసారి వెళ్ళినప్పుడు మీరే అనండి, "ఒక్కరే అడగండి, మిగతావాళ్ళు పక్కన కూర్చుని వినండి" అని. మంచి డిపార్ట్‌మెంట్ అయితే వింటారు. ఈలోపు రాత్రిపూట ఏదైనా ఇబ్బందైతే 14416కి ఫోన్ చేయండమ్మా, టెలీమానస్, గవర్నమెంట్‌ది, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు.

నిజం పేషెంట్లని ఇలా ఇబ్బంది పెట్టకుండా నేర్పే దారి ఎప్పట్నుంచో ఉంది. అమెరికాలో హోవర్డ్ బారోస్ అనే న్యూరాలజిస్ట్ 1960ల మొదట్లోనే మామూలు మనుషులకి పేషెంట్‌లా నటించడం నేర్పి స్టూడెంట్స్ ముందు కూర్చోబెట్టాడు. మేము కూడా నాటకాలు వేసే ఇద్దరు ముగ్గురిని పిలిచి చేశాం, ఒకావిడైతే పానిక్ అటాక్ వచ్చిన ఇల్లాలిగా ఎంత బాగా చేసిందంటే మా స్టూడెంట్ నోట్స్ పక్కన పడేసి నీళ్ళు తీసుకొచ్చాడు. ఆ నీళ్ళకి నేను మార్కులు వేశాను.

ప్రశ్న: ఏఐ చాట్‌బాట్‌ని పేషెంట్‌లా ఉండమని చెప్పి ఇంటర్వ్యూ ప్రాక్టీస్ చేస్తున్నాను మేడమ్, పనికొస్తుందా? — హైదరాబాద్ నుంచి ఒక విద్యార్థి

జవాబు: ప్రశ్నల వరస అలవాటు కావడానికి పనికొస్తుంది. మౌనం అలవాటు కాదు నాన్నా. పేషెంట్ రెండు నిమిషాలు ఏం మాట్లాడకుండా కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంటే నువ్వేం చేస్తావో దాంట్లో తెలీదు. పేషెంట్ చెప్పిన నిజం వివరాలు మాత్రం దాంట్లో ఎప్పుడూ టైప్ చేయకు.

ప్రశ్న: మేడమ్, మాది శ్రీకాకుళం. హైదరాబాద్‌లో పోస్టింగ్. ఇక్కడి పేషెంట్లు మాట్లాడేది నాకు సగం అర్థం కాదు, నేను మాట్లాడితే వాళ్ళు నవ్వుతున్నారు. పరీక్షలో కేస్ ప్రెజెంటేషన్ ఇంగ్లీష్‌లో, పేషెంట్ తెలుగులో, నా బుర్రలో ఇంకో తెలుగు. నేను ఫెయిల్ అవుతానేమో అని భయంగా ఉంది. — ఒక ఫస్టియర్ విద్యార్థి

జవాబు: నీ ఉత్తరం చూడగానే నాకు మా పాత స్టూడెంట్ గుర్తొచ్చాడు, వాడిదీ ఉత్తరాంధ్రే. వాడికి జరిగింది చెప్తా విను.

నలభై ఏళ్ళ మనిషి, రెండు రోజుల నుంచి నిద్ర లేదు, చేతులు వణుకుతున్నాయి, గోడ మీద ఏవో పాకుతున్నాయంటున్నాడు, ఎవరో పిలుస్తున్నారంటున్నాడు. మనవాడు పద్ధతిగా అడిగాడు, "మందు అలవాటుందా?" ఆ మనిషి "లేదు" అన్నాడు. భార్య కూడా "మా ఆయన మందు ముట్టడు సార్" అంది. మనవాడు సైకోసిస్, అంటే లేనివి ఉన్నట్టు అనిపించే మానసిక జబ్బు, అని రాశాడు. నేను వెళ్ళి "కల్లు?" అన్నా. భార్య వెంటనే, "కల్లయితే రోజు తాగుతడు, మూడు సీసలు, మొన్న దుకాణం బందయింది" అంది. వాళ్ళ లెక్కలో కల్లు మందు కాదు! ఇక్కడ కల్లులో అల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటివి కలిపి అమ్మడం ఎన్నోసార్లు పట్టుబడింది, 2020 లాక్‌డౌన్‌లో కల్లు దుకాణాలు మూతపడితే ఎర్రగడ్డ హాస్పిటల్‌కి ఇలాంటి పేషెంట్లు వరస కట్టారు. అది ఆగిపోతే వచ్చే ఫిట్స్ ప్రాణం మీదకి తెస్తాయి. కాబట్టి ఆ ఒక్క మాట తెలియకపోవడం చిన్న విషయం కాదు. తెలుగులో "మందు" అంటే టాబ్లెట్, మందు అంటే బ్రాందీ, మందు అంటే పురుగుల మందు. ఏ మందు అడుగుతున్నావో విడమరిచి అడుగు, ఎంత అన్నది కూడా సీసా లెక్కలో, క్వార్టర్ లెక్కలో అడుగు.

అలాగే "అనుమానం". మొగుడి మీద అనుమానం, పక్కింటోళ్ళు ఏదో చేస్తున్నారని అనుమానం, అది ఒక రకం. "తాళం వేశానో లేదో అని అనుమానం, చెయ్యి శుభ్రంగా కడుక్కున్నానో లేదో అని అనుమానం", ఇది ఓసీడీ, అంటే వద్దనుకున్నా అదే ఆలోచన పదే పదే రావడం. పేషెంట్ రెండిటికీ అదే మాట వాడతాడు. "అనుమానాలు ఉన్నాయా" అంటే "ఉన్నాయి" అంటాడు, నువ్వు డెల్యూషన్ (ఎంత చెప్పినా పోని తప్పుడు నమ్మకం) అని రాసేస్తావు, ఎన్ని ఫైళ్ళలో చూశానో అలా. "చెవుల్లో శబ్దాలు వస్తున్నాయా" అని అడక్కు, చెవిలో గుయ్యిమనేవాళ్ళంతా అవునంటారు. "చుట్టుపక్కల ఎవరూ లేనప్పుడు మనుషుల మాటలు వినపడతాయా, ఏమంటారు, ఎవరి గొంతు" అని అడుగు. బోనాలప్పుడు పూనకం వచ్చిందని చెప్తే కంగారుపడకు, అప్పుడు మాత్రమేనా, మిగతా రోజుల్లో కూడానా, ఇంట్లోవాళ్ళు దాన్ని ఎలా చూస్తున్నారు, అది అడుగు.

ఇంగ్లీష్ గురించి. ప్రెజెంటేషన్‌లో చీఫ్ కంప్లెయింట్ దగ్గర పేషెంట్ అన్న మాట ఉన్నదున్నట్టు తెలుగులోనే చెప్పు, తర్వాత ఇంగ్లీష్‌లో వివరించు. "బుర్రంతా దిమ్ముగుంది" అన్నదాన్ని నువ్వు హెడేక్ అని మార్చేస్తే ఎగ్జామినర్‌కి అసలు సరుకు అందదు. నేను ఎగ్జామినర్‌గా వెళ్ళిన చోటల్లా పేషెంట్ మాట చెప్పగలిగిన స్టూడెంట్‌కి ఎక్కువే వేశాను, విన్నాడనడానికి అదే రుజువు కాబట్టి. అర్థం కాని మాట వస్తే "ఈ మాట మా వైపు లేదన్నా, అంటే ఏంటి?" అని పేషెంట్‌నే అడుగు. దానికి మార్కులు తగ్గించే ఎగ్జామినర్ ఎవరైనా ఉంటే తప్పు ఆయనది. నీ యాసకి వాళ్ళు నవ్వితే నవ్వనీ, నవ్విన మనిషి నీతో మాట్లాడతాడు.

మీ వార్డులో ఎన్నో ఏళ్ళుగా పనిచేస్తున్న ఆయమ్మ ఉంటుంది చూడు, రేపు టీ టైమ్‌లో ఆవిడ పక్కన కూర్చుని ఇక్కడోళ్ళు నిద్ర రాకపోతే ఏమంటారు, దిగులుకి ఏమంటారు, తాగుడికి ఏమేం పేర్లున్నాయి అని అడిగి ఒక చిన్న పుస్తకంలో రాసుకో. ఒక నెల అయ్యాక ఆ పుస్తకంలో ఏం చేరిందో నాకు రాయి.